తెర మీది జడ, పీట మీది పిల్ల

పుట్టినరోజు పండుగకో, పాఠశాలలో జరుగు వేషధారణ పోటీకో రెండు దినములు ముందుగా తెలుగు ఇండ్లలో ఈనాడు తరచుగా వినవచ్చు కోరిక యొకటి కలదు. “అమ్మా, నాకు ఎల్సా జడ వేయవూ?” అని అయిదారేండ్ల బాలిక తల్లిని అడుగును. తల్లికి తీరిక లేనిచో అమ్మమ్మ దగ్గరకు పోవును. ఎల్సా యెవరో అమ్మమ్మకు తెలియదు. జడ యేమిటో బాగుగ తెలియును. పీట వాల్చి, దువ్వెనయు కొబ్బరినూనె గిన్నెయు ప్రక్కన పెట్టుకొని కూర్చున్న ఆ పెద్దామెకు మనుమరాలు సెల్‌ఫోనులో బొమ్మ చూపును. మంచుకొండ మీద నిలిచిన రాణి. ఎడమ భుజము మీదుగా ముందునకు జారిన లావాటి వదులు జడ. పండిన వరికంకికన్న లేతయైన పసుపు రంగు. అమ్మమ్మ ఆ బొమ్మను చూచి, మనుమరాలి నల్లని, ఉంగరాలు తిరిగిన, భుజము దాటని జుట్టును చూచి నవ్వవచ్చును, లేదా విసుగుకొనవచ్చును. ఈ రెండింటిలో ఏది జరిగినను ఒక మంచి అవకాశము చేజారినట్లే.

ఈ కోరికను గూర్చి పెద్దలలో రెండు తెగలవారు కనుపించుచున్నారు. మొదటివారు దీనిని సినిమా పిచ్చి యని కొట్టివేయుదురు. పిల్లలు చదువు సంధ్యలు మాని బొమ్మల వెంట పడుచున్నారని ఉపాధ్యాయులు కొందరు కూడ వీరితో గొంతు కలుపుదురు. రెండవవారు ఉదారులు. అంగడికి పోయియో, ఇంట కూర్చుండియో, పసుపుపచ్చని ప్లాస్టిక్ నారతో చేసిన విగ్గు నొకదానిని తెప్పించి, పిల్ల నెత్తిన తొడిగి పని ముగింతురు. పైకి చూడగా వీరిద్దరును పరస్పర విరుద్ధులవలె తోచుదురు గాని, ఇరువురు చేయు తప్పు ఒక్కటే. ఇద్దరిలో ఒక్కరును ఆ పిల్ల జుట్టు వంక చూడలేదు.

సినిమా చూచి శిరోజములు దిద్దుకొనుట ఈ తరముతో పుట్టినది కాదు. 1960లో విడుదలయైన ‘లవ్ ఇన్ సిమ్లా’ యను హిందీ చిత్రములో కథానాయిక సాధన నుదుటిమీద ముంగురులు కత్తిరించుకొని కనుపించెను. ఆమె నుదురు విశాలమైనది. దానిని కొంత కప్పుటకై దర్శకుడు ఆర్.కె. నయ్యర్, హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ ముంగురుల తీరును తలచుకొని, ఆ కత్తిరింపు చేయించెను. కొలదికాలమునకే అది ‘సాధన కట్’ అను పేరుతో దేశమంతట వ్యాపించెను. విశాలమైన నుదురు గలవారును, రెండు వ్రేళ్ల నుదురు గలవారును ఒక్క తీరుగనే కత్తిరించుకొనిరి. ఒక నటి ముఖమునకు కుదిరిన ఉపాయము వేలకొలది ముఖములకు చట్టమై కూర్చున్నది. తెర మీది శిరోజాలంకారము ఏదైనను ఇట్టిదే. అది ఒక ముఖమునకో, ఒక కథకో, ఒక కెమెరాకో అవసరమై పుట్టును. ఆ అవసరమేమో తెలిసికొనక రూపమును మాత్రము పట్టుకొన్నపుడే చిక్కు వచ్చుచున్నది.

ఎల్సా జడకును అట్టి అవసరమే కలదు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో ప్రకటించిన మంచురాణి కథ ఛాయలు తీసికొని వాల్ట్ డిస్నీ సంస్థవారు 2013లో ‘ఫ్రోజెన్’ అను చిత్రము నిర్మించిరి. క్రిస్ బక్, జెన్నిఫర్ లీ దానికి దర్శకులు. 2019లో వచ్చిన రెండవ భాగము తెలుగులో కూడ వెలువడినది. అందు ఎల్సాకు నిత్యా మేనన్ గొంతు నిచ్చెను. మొదటి చిత్రములో, పట్టాభిషేకమునాడు ఎల్సా జుట్టంతయు గట్టిగ ముడిచి పెట్టుకొని యుండును. చేతులకు తొడుగులు, నెత్తిన కిరీటము, మనస్సులో భయము. తాను తాకినదెల్ల మంచగునన్న రహస్యము బయటపడి, ఊరు విడిచి కొండ యెక్కిన పిదప, ఆమె కిరీటమును విసరివైచి ముడి విప్పును. ఆ జడ పుట్టినది అప్పుడు. అది అందము కొరకు వేసిన జడ కాదు. ఏండ్ల తరబడి బిగబట్టిన ఊపిరి వదలిన గుర్తు. వదులుగ నుండుటయే దాని ప్రాణము. పిల్ల కండ్లనీళ్లు పెట్టుకొనునంత బిగువుగ వేసిన జడ, బొమ్మలోని రూపమునకు ఎంత దగ్గరగ నున్నను, ఎల్సా జడ కాజాలదు.

ఇక అది తయారైన తీరు మరింత వినదగినది. ఎల్సా తలపై కంప్యూటరుతో రూపొందించిన వెంట్రుకలు నాలుగు లక్షలకు పైగా నున్నవని ఆ చిత్రమును గూర్చిన ప్రకటనలలో చెప్పిరి. మనుష్యుని తలపై సాధారణముగ నుండునవి సుమారు లక్ష. నలుగురి జుట్టు ఒక్కతె తలపై! ఆపైన ఆమె ఇరువది యొక్క ఏండ్ల యువతి. ఆ జడ నడుగువారు అయిదేండ్లవారు. అంతకన్న విచిత్రము మరొకటి కలదు. పాట నడుమ ఎల్సా జడను భుజము మీదుగా ముందునకు త్రిప్పుకొను దృశ్యమును నెమ్మదిగ నడిపించి చూచినచో, ఆ జడ ఆమె చేతి పైనుండి కాక చేతి గుండనే దూరి వచ్చుట కనుపించును. ఆ క్షణమున చూపరుల కన్ను ఆమె ముఖము మీద నుండుటచే ఇది గమనించువారు అరుదు. ఈ సంగతి చెప్పి ఆ దృశ్యము చూపినచో పిల్లలకు కలుగు సంతోషము ఇంతింత యనరాదు. లోకములో ఏ తల్లి చేతిలోను జడ యట్లు రాదు. ఎల్సా తల యేనాడును దువ్వెన నెరుగదు. ఆ జుట్టునకు చెమట లేదు, చుండ్రు లేదు, చిక్కు లేదు, బడి గంట లేదు.

కల్పిత కేశములను చూచి మురియుట తెలుగువారికి కొత్త కాదు. కూచిపూడి భామాకలాపములో సత్యభామ ప్రవేశమునకు ముందు తెర మీదుగా జడ వ్రేలవేయుట సంప్రదాయము. అది సభకు విసరిన సవాలు. విద్యలో తన్ను ఓడించినవారు ఆ జడను కోయవచ్చునని దాని భావమని చెప్పుదురు. సత్యభామ వేషమునకు దేశమంతట పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) పురుషుడు. నడుము క్రిందికి వ్రేలాడి, అడుగడుగునకు ఊగి, సభ నూపిన ఆ జడ కట్టుడు జడ. అది కట్టుడు జడయని యెరిగియే జనులు ఆనందించిరి. యెరుగుటచే వారి ఆనందము తగ్గలేదు, వేసినవారి నేర్పునకు మెప్పుగూడ తోడయ్యెను. తెరముందు కూర్చున్న నేటి బాలికకు లేనిది ఈ యెరుక యొక్కటే. ఆమె చూచుచున్నది నేర్పరుల పనియని ఆమెకెవ్వరును చెప్పలేదు. అది ఒక రాణి తల యని, రాణులకు జుట్టు అట్లే యుండునని ఆమె నమ్మును.

అమ్మమ్మ యెరిగిన విద్యకును ఈ తెర విద్యకును ఎంత దగ్గరి చుట్టరికమో తెలుపు చిత్రము మరొకటి కలదు. 2010లో అదే సంస్థవారు తీసిన ‘టాంగిల్డ్’లో రపన్జెల్ అను రాకుమారికి సుమారు డెబ్బది అడుగుల జుట్టు. ఊరి వీథిలో అది పదుగురి కాళ్లక్రింద పడుచుండగా, చిన్నపిల్లలు కొందరు కూర్చుండి దానిని లావాటి జడగ నల్లి నిండ పూలు తురుముదురు. తెలుగు ఇంటి పెద్దామెకు ఈ దృశ్యము చూపినచో, “ఇది మన పూలజడ గాదటే!” అని అనక మానదు. వేసవి వచ్చినంతనే మల్లెమొగ్గలు తెప్పించి, వరుసలు తీర్చి జడ పొడవున కుట్టుట, మొగలిరేకులు మడిచి జడలో కూర్చుట, చివర జడకుప్పెలు వ్రేలాడగట్టుట, ఆ బరువునకు మెడ తిన్నగ నిలిపి పిల్ల ఫొటో స్టూడియోకు నడచుట, అక్కడ వెనుక నిలువుటద్దము పెట్టి ముఖమును జడను ఒక్క ఫొటోలో పట్టుట — ఇవన్నియు ఎందరో అమ్మమ్మల చిన్ననాటి ముచ్చటలు. ఆ ఫొటోలు నేటికిని పెట్టెల అడుగున నున్నవి. పొట్టి జుట్టునకు సవరము చేర్చి ఆ జడ నిలబెట్టిన సంగతి ఫొటోలో కనుపించదు, పెద్దామె చెప్పవలెను. చెప్పినచో పిల్లకు సగము సంశయము తీరును. తన నాటి ముచ్చటను పెట్టెలో దాచుకొని మనుమరాలి ముచ్చటను వెక్కిరించుట మాత్రము న్యాయము కాదు.

వెక్కిరింపు కన్న ఎక్కువ హాని చేయు మాట వేరొకటి కలదు. “నీ జుట్టుకు అది రాదు.” పెద్దలు దీనిని దురుద్దేశముతో అనరు, పని తప్పించుకొనుటకో, నిజము చెప్పితిమనుకొనియో అందురు. కాని పిల్ల చెవికి చేరునది ఆ జడ కష్టమని కాదు. తన జుట్టు తక్కువదని. నలుపు తక్కువ, ఉంగరము తక్కువ, పొట్టి తక్కువ. ఒకమారు ఈ లెక్క మొదలైనచో అది జుట్టుతో ఆగదు. చర్మపు చాయకును, ముక్కు తీరునకును ప్రాకును. అటుపిమ్మట పదునైదేండ్ల వయస్సున ఆ పిల్ల తల సూటిగ చేయు వేడి యంత్రముల కొరకును, రంగుల కొరకును పోరు పెట్టినపుడు, ఈ పిచ్చి ఎక్కడిదని తల్లిదండ్రులు ఆశ్చర్యపడుదురు. అది పీట మీద కూర్చున్ననాడు వారే యిచ్చినది. ఒక జడ సంగతి ఇంతగ చర్చింపవలసి వచ్చుటకు కారణమిదే.

ఉంగరాల జుట్టు తక్కువది యనువారికి తెర వెనుకనే సమాధానము కలదు. 2012లో పిక్సార్ సంస్థ తీసిన ‘బ్రేవ్’ చిత్రములో నాయిక మెరిడా. ఆమె జుట్టు ఎర్రగ, గుబురుగ, అడవి పొదవలె చుట్టలు చుట్టలుగ నుండును. అంతవరకు సంస్థవద్దనున్న కంప్యూటరు పద్ధతులు దానికి చాలలేదు. క్రొత్త పద్ధతి నొకదానిని కల్పించుకొని, సుమారు 1,500 ఉంగరాలను విడివిడిగ నమర్చి, వానినుండి లక్షకు పైగా వెంట్రుకలు పుట్టించిరి. కారణము తెలిసికొనుట కష్టము కాదు. సూటి వెంట్రుక వ్రేలాడినచోట వ్రేలాడును. ఉంగరము అట్లు కాదు. పరుగెత్తినపుడు సాగును, నిలిచినపుడు ముడుచుకొనును, ప్రక్క ఉంగరముతో ఒరయును, ఒకటి కదలిన పది కదలును. ఇంటిలో దువ్వెన పట్టిన తల్లిని ఏడిపించిన జుట్టే పెద్ద పెద్ద ఇంజనీర్లను ఏడిపించినది. ఈ మాట చెప్పి చూడవలెను. ఉంగరాల జుట్టు పిల్ల అద్దములో తన తలను రెండవమారు చూచికొనును. 2016లో వచ్చిన ‘మోవానా’ నాయిక జుట్టు నలుపే, అలలు తిరిగినదే. ఆమె పసిఫిక్ సముద్రపు దీవుల పిల్ల. తెలుగు పిల్ల జుట్టునకు ఎల్సాకన్న ఆమెయే దగ్గరి చుట్టము.

విగ్గుల బేరములో ఒక వింత గమనింపదగియున్నది. తిరుమలలో భక్తులు సమర్పించు తలనీలాలను దేవస్థానము ఆన్‌లైన్ వేలములో విక్రయించును. భారతదేశమునుండి ఎగుమతియగు నల్లని కేశములు విదేశములలో రంగు విరిచి, కోరిన రంగు వేసి, ఖరీదైన విగ్గులుగ మారుచున్నవి. ఇచ్చట మాత్రము అట్టి జుట్టునే సహజముగ తలపై గల పిల్ల, దానిని దాచుకొనుటకై ప్లాస్టిక్ నార కొనిపించుకొనుచున్నది. ఆ నార ఉక్కపోతకు నెత్తి నుడికించును. వేదిక మీద నిలిచిన పిల్ల సంభాషణ మరచి తల గోకికొనుట ప్రేక్షకులు ఎరుగనిది కాదు. ఒకరి విగ్గు ఒకరు మార్చుకొనుటచే పేలు కూడ చేరవచ్చును.

ఇక ఇంట ఆ జడ వేయుట ఎట్లు? తలంటిన దినమున వెంట్రుకలు జారిపోవును; నూనె దట్టముగ పెట్టినచో తలకు అంటుకొని ఉబ్బు రాదు. తలంటిన మరునాడు, నూనె లేకయో, అరచేతికి తడి తగిలినంత నూనెతోనో మొదలిడుట మంచిది. చిక్కు తీయుట చివరనుండి పైకి రావలెను గాని పైనుండి క్రిందికి పోరాదు. ఉంగరాల జుట్టును ఎండుగ దువ్వినచో పిల్ల ఏడ్చును, జుట్టు తెగును. కొంచెము నీరు చిలుకరించి, పండ్లు ఎడముగల దువ్వెనతో విడదీయవలెను. పాపిట తీయ పనిలేదు. జుట్టంతయు వెనుకకు నెట్టి, నడినెత్తిన మూడు చిన్న పాయలు తీసికొని అల్లుట మొదలిడవలెను. రోజు వేయు జడకును దీనికిని భేదమొక్కటే: ప్రతి మలుపులోను కుడినుండి యొక చిన్న పాయ, ఎడమనుండి యొక చిన్న పాయ క్రొత్తగ చేర్చుకొనుచు పోవలెను. దీనిని ఫ్రెంచి జడ యందురు. వెనుక నిలువున దిగక, అల్లికను కొంచెము కొంచెముగ ఎడమచెవి వెనుకకు ఏటవాలుగ నడిపించినచో, మెడ దగ్గరకు వచ్చుసరికి జడ దానంతటదియే భుజము మీదికి తిరుగును. అక్కడనుండి మామూలు మూడుపాయల జడయే.

అల్లిక ముగిసి చివర రబ్బరు బాండు వేసిన పిమ్మట అసలు కిటుకు. చివరను ఒక చేత గట్టిగ పట్టుకొని, రెండవ చేత క్రిందనుండి పైకి ఒక్కొక్క మలుపు అంచును మెల్లగ వెలుపలికి లాగవలెను. బక్కజడ అప్పుడు రెండింతలై కనుపించును. నాలుగు లక్షల వెంట్రుకల పని లక్ష వెంట్రుకలతో జరిపించు ఉపాయమిది. ఇందు ఉంగరాల జుట్టునకు పైచేయి. సూటి జుట్టు లాగిన వెంటనే జారును, ఉంగరము లాగినచోట నిలుచును. ముంగురులు చెదరి ముఖము మీద పడినచో వానిని తడిచేసి అణచరాదు. ఎల్సా ముంగురులు చెదరియే యుండును.

జుట్టు పొట్టిదైనచో? వెంట్రుక నెలకు పెరుగునది సుమారు ఒక సెంటీమీటరు. మూడవయేట మొక్కు తీర్చుకొని గుండు చేయించిన పిల్లకు అయిదవయేట ఉండునది సుమారు ఇరువదినాలుగు సెంటీమీటర్లు. అది భుజము తాకిన గొప్ప. ఈ లెక్క పిల్లచేతనే చేయించినచో తన జుట్టు ‘పెరుగని జుట్టు’ కాదనియు, పెరుగుచున్న జుట్టనియు తెలియును. అందాక అమ్మమ్మ సవరమే దిక్కు. లేదా మూడు పాయలకును మూడు లేతనీలి ఊలు దారముల పేటలు చేర్చి అల్లవచ్చును. నలుపులో నీలి చాయ కలిసి ఎంతో సొంపుగ నుండును. ఎల్సా జడలో మెరయు మంచురేకులకు బదులు పెరటిలోని నందివర్ధనము పూలు చాలును. మంచురేకునకు కోణములు ఆరు, నందివర్ధనమునకు రేకులు అయిదు. ఈ భేదము పిల్ల పట్టుకొనునో లేదో చూడవలెను. మెరుపు పొడులు చల్లు డబ్బాలు, రంగు డబ్బాలు కంటిలో పడునవి, చర్మమునకు సరిపడనివి. వాని జోలికి పోకుండుటయే మేలు.

బిగువును గూర్చి ఒక మాట. ఎడతెగక బిగించి లాగు తీరులచే కణతల దగ్గరను, నుదుటి అంచునను జుట్టు రాలి పలుచబడును. 1907లోనే గ్రీన్‌లాండు స్త్రీలలో, జుట్టు నెత్తిమీదికి గట్టిగ లాగి కట్టుకొను వాడుకచే, ఇది కలుగుచున్నట్లు వైద్యులు వర్ణించిరి. ఒక్కనాటి వేషముతో ఇట్టి ప్రమాదము లేదు. దినదినము బడికి కనుబొమలు పైకి లేచునంత బిగువుగ వేయు జడలతో కలదు. పిల్ల “నొప్పి” అన్నచో “అందమునకు ఓర్చుకోవలె” నను సామెతవంటి జవాబు తెలుగు ఇండ్లలో చాలకాలముగ చెల్లుచున్నది. దానిని ఇకనైన చెల్లనీయరాదు.

పాఠశాలల వంతు కూడ చెప్పవలసియున్నది. చాల బడులలో బాలికలు రెండు జడలు వేసి రిబ్బన్లతో మడిచి కట్టుకొని రావలెనను నియమము కలదు. క్రమమునకు అది మంచిదే కావచ్చును. ఆ నియమము చాటున ఉంగరాల జుట్టు పిల్లను “తల దువ్వుకొని రాలేదేమి?” అని తరగతిలో నిలబెట్టుట మాత్రము క్రమశిక్షణ కాదు. ఆమె దువ్వుకొనియే వచ్చినది. జుట్టు స్వభావమును బట్టి, జడల తీరును బట్టి పాఠశాలలలోను కొలువులలోను వివక్ష చూపరాదని 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసెను. అక్కడ చట్టము కావలసి వచ్చిన దానికి ఇక్కడ ఒక ఉపాధ్యాయుని వివేకము చాలును. ఎల్సా చెల్లెలు ఆన్నా ఆ చిత్రములో చాలభాగము రెండు జడలతోనే తిరుగును. కొండ లెక్కి, తోడేళ్లను తప్పించుకొని, అక్కను వెదకిపట్టినది ఆ రెండు జడల పిల్లయే. బడి జడలు మోటువని చిన్నబుచ్చుకొను బాలికలకు ఇది జ్ఞాపకము చేయవచ్చును. ఆమె తలలోని తెల్లని పాయకు ఒక తెల్ల రిబ్బను చాలును.

వేషధారణ పోటీల బహుమతులు సాధారణముగ ఎక్కువ రొక్కము పెట్టి కొన్న వేషమునకే పోవుచున్నవి. నిర్ణేతలుగ కూర్చుండు ఉపాధ్యాయులు ఒక చిన్న మార్పు చేయవచ్చును. వేదిక మీది పిల్లను “ఈ జడ ఎవరు వేసిరి? ఎట్లు వేసిరి? నీకు ఎంతసేపు పట్టినది?” అని అడిగి, చెప్పగలిగిన దానికి కొన్ని మార్కు లీయవలెను. విగ్గు తొడిగికొన్న పిల్లకు చెప్పుట కేమియు నుండదు. పీట మీద గంటసేపు కూర్చున్న పిల్లకు చెప్పవలసినది చాల నుండును. ఆ ప్రశ్నకు “మా నాన్న వేసెను” అను జవాబు వచ్చినపుడు తరగతిలో నవ్వులు పుట్టును; వానిని అక్కడికక్కడ ఆపుట నిర్ణేత బాధ్యత. మూడు పాయలు ఒకదానిమీద నొకటి వేయుటకు ఆడుచేయి మగచేయి యను భేదము లేదు. కూచిపూడి భాగవతులు తరతరములుగ ఆ పని చేసికొనియే రంగమెక్కిరి.

వేడుక ముగిసిన రాత్రి ఆ జడతోనే పిల్లను నిద్రపోనీయరాదు. మొదట పూలు, పిమ్మట పిన్నులు. పెట్టునపుడే లెక్క పెట్టుకొన్నచో తలగడలో ఒకటి మిగిలిపోదు. రబ్బరు బాండును లాగక కత్తెరతో త్రుంచి, చివరనుండి వ్రేళ్లతో పాయలు విడదీసికొనుచు పైకి రావలెను. రోజంతయు అల్లికలో నుండుటచే సూటి జుట్టునకు సైతము మరునాటి ఉదయము వరకు మెత్తని అలలుండును. ఆ అలలు చూచి అక్కగారు తనకుగూడ ఆ జడ కావలెనని అడిగినచో, ఈమారు అల్లవలసినది చెల్లెలే. చిన్నచేతులకు మూడు పాయలు పట్టుట అలవడుటకు నాలుగైదు ఆదివారములు పట్టును.